సీతయ్య చేసిన సిమెంటు బుద్ధుడు

సీతయ్య చేతిలో పుట్టిన దేవుళ్లెవరూ నవరాత్రులు దాటి బతకలేదు. వినాయకుళ్లు మండపంలో కూర్చుని, ఉండ్రాళ్లు ఆరగించి, మైకులో పాటలు విని విని, ఆఖరికి ట్రాక్టరెక్కి గోదాట్లో దిగిపోయేవారు. దుర్గమ్మల దారీ అదే. ముప్పై ఏళ్లుగా ఎందరిని చేశాడో ఆయనకే తెలియదు. అడగాలంటే గోదారినే అడగాలి.

ఆయన ఊరు పినపాక అవతల, గోదారి గట్టు మీద. ఊరి వెనక నుంచే అడవి మొదలవుతుంది. తండ్రి సారె తిప్పి కుండలు చేసిన మనిషి. మణుగూరు పక్కన బొగ్గు గనులు తెరిచి, కాలనీలు లేచి, నాలుగు జిల్లాల జనం వచ్చి చేరాక కుండలడిగేవాళ్లు తగ్గారు, గల్లీకో వినాయకుణ్ణి అడిగేవాళ్లు పెరిగారు. సీతయ్య సారె మూలకు నెట్టి వెదురు బద్దలు, వరిగడ్డి, బంకమన్ను పట్టుకున్నాడు. తొలి ఏడు చేసిన విగ్రహాన్ని తండ్రి చుట్టూ తిరిగి చూసి, "వినాయకుణ్ణి చెయ్యబోతే కోతయిందంటరు. నీకు సగమే కోతయింది, నయమే" అన్నాడట. ఆ మాట సీతయ్యే ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. కాలనీ మండపాల్లో పేరొచ్చిన తర్వాత మరింత గట్టిగా చెప్పుకునేవాడు.

పేరంతా కళ్లకే వచ్చింది. సీతయ్య వినాయకుడి ముందు ఎటు నడిచినా ఆ చూపు వెంట వస్తుందని జనం అనేవాళ్లు. ఆ కళ్ల పని ఆయన ఎవరి ఎదుటా చేసేవాడు కాదు. విగ్రహమంతా అయ్యాక, ముందు భార్య భీమక్క పాత చీర ఒకటి తెరగా కట్టేవాడు. ఉపవాసం ఉండి, తెల్లవారకముందే గోదాట్లో మునిగొచ్చి, విగ్రహం ఎదుట ఒక అద్దం నిలబెట్టి అప్పుడు కుంచె పట్టేవాడు. కళ్లు తెరిచిన దేవుడి తొలిచూపు మనిషి తట్టుకునేది కాదు, అది అద్దంలో పడాలి, తనను తాను చూసుకుని దేవుడు చల్లబడాలి అని తండ్రి నేర్పిన మాట. పట్నపు పూజారులు దీనికి నేత్రోన్మీలనమని పెద్ద పేరు పెట్టారు. సీతయ్యకు అది 'కండ్లు తెరిపిచ్చుడు'. మనం దేవుణ్ణి చూడటం సగమేననీ, దేవుడు మనల్ని చూడటం తక్కిన సగమనీ ఆయన నమ్మకం. కళ్లు తెరవని విగ్రహం ఆయన దృష్టిలో ఉత్త మన్ను.

ఇంత చేసిన మనిషి నిమజ్జనానికి మాత్రం ఎన్నడూ పోలేదు. డప్పులు గట్టు వైపు కదలగానే తలుపేసుకుని రేడియో గట్టిగా పెట్టుకునేవాడు. భీమక్క ఒక్కతే వెళ్లి చూసొచ్చి, "మంచిగ నవ్వుకుంటనే పోయిండయ్యా" అని అబద్ధమాడేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ దిగులును ఆమె భద్రాద్రి రాముడికి అప్పజెప్పేసింది, సీతయ్య మట్టిలో కలిపి తొక్కేశాడు. ఇద్దరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు.

ఆ రేడియో గురించి కూడా చెప్పాలి. ఒకప్పుడు భీమక్క శ్రీరామనవమికి ఎద్దుల బండి కట్టించుకుని భద్రాచలం పోయేది. మోకాళ్ల నొప్పులొచ్చాక రేడియో ముందే పీట వేసుకుని, తలస్నానం చేసి, ఒళ్లో పసుపు బియ్యంతో కూర్చునేది. వ్యాఖ్యాత సీతమ్మ నడకను వర్ణిస్తుంటే ఆమె రెప్పలు మెల్లగా వాలిపోయేవి. జీలకర్ర బెల్లం ఘడియ రాగానే గుప్పెడు తలంబ్రాలు రేడియో మీద పోసేది. ఏటేటా పోసిన బియ్యం లోపలికి పోయి ఆ పెట్టె సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా గరగరలాడుతూనే ఉండేది. బాగుచేసేవాడు విప్పి చూసి, "గిదేంది పెద్దమ్మా, కుందేలుకు మేత పెట్టినవా?" అంటే, "సీతమ్మ పెండ్లికి పెట్టిన" అంది భీమక్క, ఏమాత్రం సిగ్గుపడకుండా.

రెండు వేల ఆరు శ్రావణంలో గోదారి పొంగింది. అప్పటికి షెడ్డులో వినాయకుళ్లు సగంలో ఉన్నారు. తొండాలు పెట్టాడు, చెవులు పెట్టాడు, కళ్లు పెట్టలేదు. నది షెడ్డులోకి వచ్చి, అందరినీ తీసుకుని, ఒండ్రు వదిలి వెళ్లింది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు, అది అక్షరాలా చూశాడు సీతయ్య. ఊళ్లోవాళ్లు, "నయమే మామా, గోదారి ఇంటికే వచ్చి నిమజ్జనం చేసుకపోయింది" అని నవ్వించబోయారు. ఆయన నవ్వలేదు. ఆ సాయంత్రం ఒండ్రు ఎత్తిపోస్తూ భార్యతో అన్నాడు.

"కండ్లు గూడ తెరవకుండనే పోయిన్రే. ఒక్కడు. నేను చేసినోడు ఒక్కడన్న నిలబడాలె. ఏడాదికొకసారి పోయి, ఎట్లున్నవ్‌రా అని చూసొచ్చేటట్టు."

భీమక్క చేట కింద పెట్టింది. అంతకాలం కాపురంలో ఆయన నోట ఒక కోరిక వినడం అదే మొదలు. ఆ రాత్రి దీపం పెట్టి రాముడికి చెప్పేసింది. రాముడు విన్నాడో, తన పని కాదని ఇంకొకరికి అప్పగించాడో తెలియదు గానీ, మరుసటి ఏడు నవమి పోయిన వారానికి రవీందర్ మోటర్‌సైకిల్ మీద వచ్చాడు.

రవీందర్ మణుగూరు ఓపెన్‌కాస్టు గనిలో ఫిట్టరు. చిన్నతనంలో సీతయ్య షెడ్డు ముందు నిలబడి తొండాలు లెక్కపెట్టినవాడే. ఇప్పుడు కాలనీ చివర బౌద్ధ సంఘానికి కార్యదర్శి. వాళ్ల నాన్న రోజుల్లోనే వాళ్లు బౌద్ధం తీసుకున్నారు.

"మామా, మేం చిన్న విహారం కట్టుకున్నం, రేకుల షెడ్డే. మాకో బుద్ధుణ్ణి చేసియ్యాలె. వైశాఖ పున్నమికి."

"చేస్త. నిమజ్జనం ఎప్పుడు?"

"నిమజ్జనం లేదు మామా. ఉంటడు."

సీతయ్య బీడీ తీసి పక్కన పెట్టాడు. "ఉంటడా?"

"అవ్. సిమెంటుతోని చెయ్యి. గట్టిగ ఉండాలె."

భీమక్క తలుపు చాటున రెండు చేతులూ జోడించేసింది. సీతయ్య మాత్రం సంతోషాన్ని మీసాల కింద దాచుకుని బేరగాడిలా ప్రశ్నలేశాడు.

"చేతులల్ల ఏముంటై? శంఖమా, గదనా?"

"ఏముండై. ఒళ్లె పెట్టుకుంటడు."

"వాహనం?"

"లేదు. నడిచేటోడు."

"కిరీటం?"

"ఇడిచిపెట్టిండు."

"మరి వరాలు?"

"ఇయ్యడు మామా."

"ఏమియ్యనోనికి గుడెందుకయ్యా?"

రవీందర్ పడీపడీ నవ్వాడు. "మా అమ్మనడుగు. నాకంటె మంచిగ చెప్తది." పాత క్యాలెండరు నుంచి కత్తిరించిన బుద్ధుడి బొమ్మ ఒకటి చేతిలో పెట్టి వెళ్లాడు.

భీమక్కకు ఒక్కటే గుబులు, రాముడేమైనా అనుకుంటాడేమోనని. రెండు రోజులు ఆలోచించి తనే తీర్పు చెప్పింది. "రాముడు రాజ్యమిడిచి అడవికి పోయిండు. ఈయనా రాజ్యమిడిచి అడవికే పోయిండట. ఇద్దరికిద్దరు అడివోళ్లే. మనోళ్లే."

సిమెంటు విగ్రహాన్ని మోసుకుపోవడం అయ్యే పని కాదు కాబట్టి ఇద్దరూ మూటాముల్లే కట్టుకుని కాలనీకే పోయి, విహారం పక్క గదిలో దిగారు. సిమెంటు సంగతులు నేర్పడానికి బొజ్జయ్య అనే కోయ మేస్త్రీ వచ్చాడు. ఇనుప చువ్వలు వంచి, జాలీ చుట్టి, ఇసుక పాళ్లు చూపించి, గట్టిగా హెచ్చరించాడు. "మట్టి అమ్మసొంటిది తాతా, ఎన్నిసార్లు చెరిపినా ఊకుంటది. గిది పోలీసు పటేలు. ఒక్కసారి గట్టిపడ్డదంటె ఎవ్వని మాటినదు."

రవీందర్ తల్లి కళావతి పొద్దున్నే చాయ్ పట్టుకొచ్చేది. భీమక్కా ఆమే పీటల మీద కూర్చుని వాదులాడుకునేవాళ్లు. ఆ వాదన లేకపోతే ఇద్దరికీ చాయ్ దిగేది కాదు.

"మా ఊరికి పురాణం చెప్ప వచ్చినాయన బుద్ధుడు గూడ విష్ణుమూర్తి అవతారమేనన్నడు" అంది భీమక్క మొదటి రోజే, పెద్ద కానుక ఇస్తున్నట్టు.

"గా మాట మేమొప్పుకోం వదినా. ఆయన ఎవ్వరి అవతారం గాదు. మనిషి. మనిషే అంత ఎత్తుకు పోయిండంటె మనమూ పోవచ్చనేదే మా ధైర్నం."

"మరి మొక్కుడెందుకు?"

"మొక్కుడు గాదు. దారి చూపినోన్ని తలుసుకునుడు. నడిచేది మనమే." కళావతి కొంచెం ఆగి అంది, "మా చిన్నప్పుడు మా ఊళ్లె గుడి మెట్టు ఎక్కనియ్యలే వదినా మమ్ముల. బయట నిలబడితె ప్రసాదం ఇసిరేటోళ్లు. గీడ మెట్లకాడ ఎవ్వరు అడ్డం నిలబడరు."

భీమక్కకు తను మెట్లన్నీ ఎక్కి చేసిన దర్శనాలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మర్నాడు కళావతి కంటే ముందే లేచి చాయ్ పెట్టి, తనే ఆమె గడపకు తీసుకెళ్లింది. అవతారం సంగతి మాత్రం వదల్లేదు, రోజుకోసారి తెచ్చేది.

సాయంత్రాలు విహారంలో వందన జరిగేది. తెల్ల చీరలు, తెల్ల చొక్కాలు, గోడకు బుద్ధుడి పటం, అంబేద్కర్ పటం, ముందు కొవ్వొత్తులు. బుద్ధుణ్ణి, ఆయన చెప్పిన ధర్మాన్ని, ఆ దారిన నడిచేవాళ్ల సంఘాన్ని శరణు కోరేవాళ్లు. తర్వాత పంచశీలాలు. ప్రాణం తియ్యను, దొంగతనం చెయ్యను, తప్పుడు సంబంధం పెట్టుకోను, అబద్ధమాడను, మత్తు ముట్టను. సీతయ్య గుమ్మంలో కూర్చుని శ్రద్ధగా వినేవాడు.

"నాలుగు పర్వాలే చెల్లె" అన్నాడు కళావతితో. "ఇప్పచెట్ల కింద పుట్టినోనికి ఐదోది మస్తు కష్టం."

"నాలుగోది కష్టం గాదా అన్నా?"

"నాలుగోది మా ఇంట్ల భీమక్క చూసుకుంటది. నిమజ్జనం నాడే అబద్ధమాడుతది, గదీ నాకోసమే."

పూలు పెట్టేటప్పుడు వాళ్లు చెప్పుకునే మాట ఒకటి ఆయనకు గుచ్చుకుంది. ఈ పూలు వాడిపోయినట్టే ఈ దేహమూ వాడిపోతుంది అని. పూలు పెట్టి వరం అడగడం తెలుసు, పూలు పెట్టి వాడిపోతానని చెప్పడం ఆయన ఎక్కడా వినలేదు. 'పండుగపూట గిదేం మాట' అని విసుక్కున్నాడు, కానీ మరిచిపోలేకపోయాడు.

పని మాత్రం కుదురుగా సాగింది. ముడి వేసిన జుట్టు, పొడుగు చెవులు, ఒళ్లో ఒకదానిలో ఒకటి ఒదిగిన చేతులు. నగలూ కిరీటం లేకపోవడంతో తప్పు దాచుకునే చోటు లేదు, ఒంటినంతా నునుపుగా తేల్చాలి. ఆఖరికి కళ్ల దగ్గరకొచ్చాడు. క్యాలెండరు బొమ్మ తీసి చూశాడు. అందులో రెప్పలు వాలి ఉన్నాయి. సీతయ్య గుండె కరిగిపోయింది. 'పాపం, వీళ్లకు పూజారి లేడు. కండ్లు తెరిపిచ్చేటోడు దొరకకనే ఇన్నొద్దులు ఈయన గిట్ల ఉండిపోయిండు. తెరిపియ్యకముందే ఫోటో తీసిన్రు' అనుకున్నాడు. తన చేత అయ్యే ఉపకారం ఇంతకంటే ఏముంది?

భీమక్క ఎర్ర చీర తెరగా కట్టాడు. ఉపవాసమున్నాడు. తెల్లారుజామున బోరింగు కింద తలమీద నీళ్లు పోసుకుని, ఎదురుగా అద్దం పెట్టి, నిలవబోయే బిడ్డ కదా అని ఎన్నడూ పెట్టనంత పెద్ద కళ్లు పెట్టాడు. గుండ్రని కనుగుడ్లు సిమెంటుతోనే తేల్చి, అవి గట్టిపడ్డాక మళ్లీ ఒక పూట ఉపవాసముండి నల్లని పాపలు దిద్దాడు. కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టాడు.

పున్నమి ఇంకా వారముందనగా సంఘం వాళ్లందరూ వచ్చారు. భీమక్క తెర లాగింది.

బుద్ధుడు కాలనీ మొత్తాన్ని గుడ్లురిమి చూస్తున్నాడు. గనిలో డ్యూటీ ఎగ్గొట్టినవాళ్లను పట్టుకున్న సూపర్‌వైజరు చూపు అది.

"మామా," అన్నాడు రవీందర్ మెల్లగా, "గిట్ల చూస్తున్నడేంది?"

"చూస్తున్నడు గదా!" సీతయ్య ఉప్పొంగిపోయాడు. "అటు పో, ఇటు పో, నిన్నే చూస్తడు."

"ఫోటోల కండ్లు వాలి ఉన్నై గదా..."

"అవ్, చూసిన. గది తెరిపియ్యకముందు తీసిన ఫోటో. మీకు తెరిపిచ్చెటోడు లేడని నేనే ఉపాసముండి తెరిపిచ్చిన. నాకేం ఇయ్యొద్దు దానికి."

కళావతి ముందు కొంగు నోటికడ్డం పెట్టుకుంది, తర్వాత ఆపుకోలేక అక్కడే చతికిలబడి నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ సంఘం పెద్దల్లో ఒకాయన నవ్వలేదు. "పున్నమికి భంతే వస్తున్నడు. ఈ మొకంతోని ఎట్ల? హైదరాబాద్ నుంచి పాలరాతిది తెప్పిద్దాం. దీన్ని వెనక సామాన్ల గదిల పెడదాం" అన్నాడు. భంతే అంటే బౌద్ధ భిక్షువు.

'దీన్ని' అన్న మాట సీతయ్యకు తగిలింది. పోయినవాళ్లయినా ఊరేగి పోయారు. నిలిచినవాడు సామాన్ల గదిలో నిలవాలా? కరిగిపోవడానికి మట్టి కూడా కాదు, గోదాట్లో వేసినా కూర్చునే ఉంటాడు. కళావతి లేచి, "పున్నమి దాక టైమియ్యిన్రి. చేసిన చెయ్యే సరిచేస్తది" అని అడ్డుపడింది. పెద్దాయన సరేనన్నాడు, సగం మనసుతో.

బొజ్జయ్య వచ్చి చూసి ఉలి తీశాడు. "కండ్లు చెక్కిపారేసి మళ్ల పెట్టు తాతా. ఒక్క పూట పని."

సీతయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "తెరిచిన కంటి మీద ఉలి పెడ్తవారా? పెట్టనియ్య."

"మరి పైనుంచి పూస్తె నిలవదు. గరుకు చెయ్యకుంటె సిమెంటుకు సిమెంటు పట్టదు. వానకాలానికి పొక్కులు రాల్తై."

చెక్కకూడదు, పూయకూడదు. సీతయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు. సాయంత్రం వందన అయిపోయాక గుమ్మంలో నుంచి లోపలికి వచ్చి మొదటిసారి చాప మీద కూర్చున్నాడు.

"కండ్లెందుకు మూసుకున్నడు చెల్లె? మనల్ని చూడొద్దనా?"

"మూయలే అన్నా, వాల్చిండు. అందరం బయటికే చూస్తం, ఎవడేమన్నడు, ఎవనికేమున్నదని. ఆయన లోపటికి చూసిండు. కోపం ఎట్ల పుడ్తది, ఆశ ఎట్ల పుడ్తది, ఎట్ల పోతది. ఊపిరి వస్తున్నది, పోతున్నది. గంతే చూస్తున్నడు. నువ్వూ కూసో, చూపిస్త."

కళావతి వెన్ను నిటారు చేసి కూర్చుంది. రెప్పలు మెల్లగా వాలాయి, పూర్తిగా మూతపడకుండా ఆగాయి. మొహంలో బిగువంతా వదిలిపోయింది. సీతయ్య ఊపిరి సంగతి మరిచిపోయి ఆ రెప్పల వంకే చూస్తుండిపోయాడు. ఎక్కడో చూశానిది అనుకున్నాడు. మరుక్షణం చాప మీద నుంచి దిగ్గున లేచి గదికి పరుగెత్తాడు.

"భీమీ! రేడియో ముందల కూసో!"

"నవమి ఎప్పుడో పాయె గదయ్యా."

"కూసో అంటున్న."

భీమక్క రేడియో పెట్టింది. వ్యవసాయదారుల కార్యక్రమం వస్తోంది. "పత్తికి పురుగు మందు చెప్తున్నరు. దీనికెట్ల కూసోవాలె?"

"పురుగుల సంగతి నీకెందుకు? సీతమ్మ నడుచుకుంట వస్తున్నదనుకో."

భీమక్క నవ్వి, మొగుడికి ఎండదెబ్బ తగిలిందేమోనని అనుమానంగా చూసి, సరే అనుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంది. పత్తి పురుగుల మధ్య నుంచే సీతమ్మ నడిచొచ్చింది కాబోలు, ఆమె రెప్పలు వాలాయి. అవే రెప్పలు. అక్కడ ఒకామె ఏమీ అడగకుండా కూర్చుంది, ఇక్కడ ఒకామె అడగవలసినవన్నీ రాముడికి చెప్పేసి కూర్చుంది, ఇద్దరి మొహంలోనూ అదే చల్లదనం. సీతయ్య గబగబా పిడికెడు మట్టి తడిపి ఆ రెప్పల వంపు దించుకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో భార్యను అంతసేపు చూసింది ఆ రోజే.

"దొరికింది గని, పెట్టుడెట్ల?" అన్నాడు చివరికి, నీరసంగా. "కంటికి అంటుకోదంటున్నడు బొజ్జయ్య."

భీమక్క కళ్లు తెరిచింది. "రెప్ప కంటికి అంటుకుంటదా అయ్యా? కనుబొమ్మ కింద నుంచి దిగుతది గని."

సీతయ్య ఆమె వంక చూశాడు, తర్వాత తన రెప్పను తనే వేలితో పట్టుకుని లాగి చూసుకున్నాడు. నిజమే. రెప్ప పై నుంచి వేలాడుతుంది, కంటిని ఊరికే కప్పుతుంది.

మర్నాడు బొజ్జయ్య కనుబొమ్మల కింద మాత్రమే గరుకు చేసి, సన్నని తీగలు దిగేశాడు. సీతయ్య కనుగుడ్ల మీద పలచని కాగితం పరిచి, తీగల మీదుగా అప్పడమంత పలచన సిమెంటు రెప్పలు దించాడు. కళ్లకు ఉలి తగల్లేదు, సిమెంటూ అంటలేదు. రెప్ప కొసకూ చెంపకూ మధ్య సన్నని సందు వదిలాడు. పగుళ్లు రాకుండా భీమక్క గంటగంటకూ తడిగుడ్డ వేసింది, జ్వరమొచ్చిన పిల్లవాడికి వేసినట్టే. రంగు వేశాక కళావతి వచ్చి చూసి, ఈసారి నవ్వలేదు. రెండు చేతులూ జోడించి చాలాసేపు నిలబడింది. సామాన్ల గది మాట ఎత్తిన పెద్దాయన కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు.

వైశాఖ పున్నమి. బుద్ధుడు పుట్టిందీ, జ్ఞానం పొందిందీ, కన్నుమూసిందీ ఆ తిథినాడేనని చెబుతారు. కాలనీ అంతా తెల్లబట్టలు. తపస్సుతో చిక్కిన బుద్ధుడికి సుజాత అనే పల్లెపడుచు పాయసం ఇచ్చిన గుర్తుగా గుండిగలో పాయసం ఉడుకుతోంది. అందులో యాలకులు దంచి వేసింది భీమక్క. "అడివిల ఎంగిలి పండ్లు పెట్టిన శబరికి చెల్లె ఉన్నట్టున్నదే మీ సుజాత" అంటే, కళావతి మొదటిసారి వాదించకుండా ఒప్పుకుంది.

భంతే కారేపల్లి వైపు పుట్టి, సింహళం పోయి చదువుకొచ్చిన మనిషి. కాషాయ వస్త్రం, నున్నని తల, పిల్లల నవ్వు. విగ్రహం ముందు చాలాసేపు కూర్చుని, చేసినవాణ్ణి పిలవమన్నాడు. సీతయ్యకు అబద్ధమాడనన్న నాలుగో శీలం గుర్తొచ్చి, దాచకుండా చెప్పేశాడు.

"తప్పయింది సామీ. రెప్పల కింద కండ్లు తెరిచే ఉన్నై. అద్దం పెట్టి నేనే తెరిపిచ్చిన. మళ్ల మూయడానికి చెయ్యి రాలే. మీదికెల్లి రెప్పలు దించిన."

అందరూ భంతే మొహం వంక చూశారు. ఆయన వంగి, రెప్ప కింది సందులోకి కన్ను పెట్టి చూశాడు. లోపల చీకట్లో నల్లని పాప మెరిసింది. ఆయన అలాగే వంగి ఉండి నవ్వడం మొదలుపెట్టాడు.

"తప్పేమిటయ్యా! సింహళంలో కూడా శిల్పి బుద్ధుడి కళ్లు చివర్నే దిద్దుతాడు, అద్దంలో చూస్తూ దిద్దుతాడు. నీకెవరు చెప్పారు?" తర్వాత జనం వైపు తిరిగాడు. "బుద్ధుడంటే మేల్కొన్నవాడని అర్థం. రెప్పలు వాల్చి కూర్చున్నా లోపల మెలకువగా ఉన్నవాడు. అది నేను గంటసేపు చెబుదామని వచ్చాను. ఈయన సిమెంటుతో చెప్పేశాడు. ఇక పాయసం పెట్టండి."

సీతయ్యకు ఆ పూట పాయసం రుచి తెలియలేదు, మూడు గిన్నెలు తిన్నా. మనిషికి ఇంత సంతోషం ఒక్కరోజే వస్తే దాచుకోవడం కష్టమే.

ఆ ఏడు వానలు దంచికొట్టాయి. ప్రతి పెద్ద వాన మర్నాడూ సీతయ్య ఏదో పని పెట్టుకుని బస్సెక్కి మణుగూరు పోయేవాడు. రెప్పలు రాలలేదు. పొక్కు లేదు, పగులు లేదు. గుమ్మంలో నిలబడి, "ఎట్లున్నవ్‌రా?" అని అడిగి, కళావతి ఇంట్లో చాయ్ తాగి తిరిగొచ్చేవాడు.

వినాయక చవితి వచ్చింది. షెడ్డులోని వినాయకుళ్లందరూ ఆ ఏడు కళ్లు తెరిచాకే మండపాలకు వెళ్లారు. నిమజ్జనం నాడు డప్పులు గట్టు వైపు కదిలాయి. భీమక్క అలవాటు కొద్దీ రేడియో తెచ్చి ఆయన పక్కన పెట్టి, చెప్పులేసుకుంది. వెనక్కి తిరిగి చూస్తే సీతయ్య తువ్వాల భుజానేసుకుని వెంట వస్తున్నాడు.

"నువ్వెక్కడికయ్యా?"

"పూలు వాడిపోతయంట గదా. పోయి చూస్త."

ఊళ్లో చిన్న వినాయకుణ్ణి తనే ఎత్తుకుని మోకాలి లోతు నీళ్లలో దిగాడు. మట్టి మెత్తబడటం ముప్పై ఏళ్లలో మొదటిసారి చేతికి తెలిసింది. ముందు చెవులు జారాయి, తర్వాత తొండం. ఆయన చేసిన కళ్లు చివరిదాకా ఆయన్నే చూస్తున్నాయి. ఈసారి ఆయన చూపు తిప్పుకోలేదు. వంగి, చెవి ఉన్నచోట నోరు పెట్టి, పక్కనున్న భీమక్కకు వినబడేలాగే చెప్పాడు.

"పోయిరా కొడుకా. పెద్దోడు ఇంటికాడ ఉన్నడులే."